ఆ చివరి పేజీని తెలుగులో ఒక్కసారి వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. పొద్దు పొడవకముందే డిండి రోడ్డు మీద ఉరుకుతున్న పిల్లలు, కింద ‘సైన్యమే లక్ష్యం’ అని ఒక లైను. ముందు వరుసలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు మా షాపుకు వచ్చేవాళ్లే. అందులో ఒకడు నాకు ఇంకా నలభై రూపాయలు బాకీ. ఫొటో బాగా వచ్చింది, వాళ్ల తల్లులు పేపరు కొనుక్కుని దాచుకున్నారు కూడా. అయితే ఉరుకుడంతా అయిపోయాక ఆ పిల్లలు కూర్చుని నింపాల్సిన కాగితం ఒకటి ఉంటుంది, నీ మీద కేసులేవైనా ఉన్నాయా అని అడిగేది. దాని గురించి నేను ఏ పేపర్లోనూ చదవలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

నాది దేవరకొండ. బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ షాపు నడుపుతాను. 2012లో ఒక్క మిషన్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు మిషన్లు, రెండు కంప్యూటర్లు, ఒక లామినేషన్. చందంపేట, నేరేడుగొమ్ము, డిండి, పెద్దఅడిశర్లపల్లి మండలాల తండాల నుంచి వచ్చే పిల్లలే నా గిరాకీ. ఆర్మీ అయినా, బీఎస్ఎఫ్ అయినా, మన పోలీసు కానిస్టేబుల్ అయినా, నోటిఫికేషన్ పడిందంటే నాకు పేపరు చూడకుండానే తెలిసిపోతుంది. పొద్దున ఎనిమిదికి షట్టర్ తీసేసరికి నలుగురు మెట్ల మీద కూర్చుని ఉంటారు. "అక్కా, సర్వర్ వస్తుందా?" అనేదే నాకు సుప్రభాతం. సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలు ఇచ్చినప్పుడు ఆయన ఫొటో లామినేషన్‌కు తెచ్చినవాళ్లు ఆ నెలలో ఇరవై మందైనా ఉంటారు. డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

ఉరుకుడు విషయంలో మా పిల్లలకు ఎవరూ చెప్పే పని లేదు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే 60 మార్కులు, బీమ్ (కడ్డీకి వేలాడి పైకి లేవడం) పది తీస్తే 40, తొమ్మిది అడుగుల గుంత దుంకాలి, జిగ్‌జాగ్ బీమ్ మీద పడకుండా నడవాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడిని నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ చెబుతాడు. రెండు వేపచెట్ల మధ్య బోరు పైపు కట్టి బీమ్ చేసుకుంటారు. జనరల్ డ్యూటీకి, అంటే మామూలు సిపాయి కొలువుకు, మన వైపు వాళ్ల ఎత్తు 166 సెంటీమీటర్లు ఉండాలి కాబట్టి, ఒక సెంటీమీటరు తక్కువైనవాడు ఏడాదంతా ఆ పైపుకు వేలాడుతూనే ఉంటాడు. మెడికల్‌లో పోయేవాళ్లూ ఉంటారు. మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ఒకప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఇళ్ల పిల్లలు పళ్లు చూపించాలంటే ఇప్పటికీ జంకుతారు. చెవిలో గుబిలి ఉందని వెనక్కి పంపినవాడినీ చూశాను. 2023 నుంచి ఈ ఉరుకుడు, కొలతలు జరిగే ర్యాలీ కంటే ముందే ఆన్‌లైన్ పరీక్ష పెడుతున్నారు, కాబట్టి ఇప్పుడు చదువూ కావాలి. సరే, ఇవన్నీ కోచింగ్ అకాడమీల వాళ్లు చూసుకుంటారు. డబ్బులు తీసుకుంటారు కదా.

నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించి. సెలక్ట్ అయ్యాక ఒక ఫారం ఇస్తారు. కేంద్ర బలగాలకైతే దాన్ని అటెస్టేషన్ ఫారం అంటారు. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న సంగతి దాచినా ఉద్యోగానికి అనర్హులవుతారని మొదటి పేజీ పైననే ఉంటుంది. ఆ మాట ఇంగ్లిషులో ఉంటుంది, మా పిల్లలు దాన్ని దాటేసి పేరు దగ్గర మొదలుపెడతారు. పేరు, పుట్టిన తేదీ, గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నావు, తల్లిదండ్రులు ఎవరు, ఏ బళ్లలో చదివావు. ఇదంతా అయ్యాక చివర్లో వరుసగా కొన్ని ప్రశ్నలు. నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా? నీ మీద కేసు నడిచిందా? బైండోవర్ చేశారా, అంటే ఇకపై గొడవ చేయనని పూచీకత్తు రాయించుకున్నారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏ పరీక్ష నుంచైనా డిబార్ చేశారా? ఈ ఫారం నింపే రోజుకు ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్‌లో ఉందా? ప్రతి ప్రశ్న పక్కన అవును, కాదు అని రెండే మాటలు. అక్కర్లేని మాటను కొట్టెయ్యాలి.

మా తమ్ముడి ఫారంలో ‘అవును’ అన్న మాటలన్నీ నేనే కొట్టేశాను. నీలం పెన్నుతో, స్కేలు పెట్టి.

అది 2014. షాపు పెట్టిన రెండో ఏడు. వాడు కేంద్ర బలగాల్లో ఒకదానికి కానిస్టేబుల్‌గా సెలక్ట్ అయ్యాడు. మా ఇంట్లో సర్కారు కొలువు అదే మొదటిది. అంతకు ముందు, ఇంటర్ అయిపోయిన ఏడాది, వినాయక నిమజ్జనం రోజు డీజే దగ్గర రెండు గల్లీల పిల్లలకు కొట్లాట అయింది. ఒకడి తల పగిలి మూడు కుట్లు పడ్డాయి. స్టేషన్‌లో పది మంది పేర్లు రాశారు, అందులో మావాడిదీ ఉంది. వీడు కొట్టాడా, ఆపడానికి పోయాడా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఏడాది తిరిగాక లోక్ అదాలత్‌లో రెండు వైపులా రాజీ పడ్డారు, కేసు పోయింది. బయటికొచ్చి అందరం కలిసి ఒకే హోటల్లో ఛాయ్ తాగాం, తల పగిలినవాడే డబ్బులిచ్చాడు. మా లెక్కలో ఆ కేసు అక్కడితో సమాప్తం.

ఫారం వచ్చాక మావాడు కోచింగ్ తీసుకున్న చోటికి పోయి అడిగాడు. అక్కడి సారు, "రాజీ అయిన కేసు కేసే కాదు. అవును అని రాస్తే నీ ఫైలు పక్కన పడేస్తరు, కాదు అని కొట్టు" అన్నాడట. నేను ఒకసారి అడిగాను, "నిజంగనేనా?" అని. "సారుకు తెల్వదా అక్కా" అన్నాడు. నా చేతిరాత బాగుంటుందని నా ముందు పెట్టాడు. కొట్టేశాను.

ట్రైనింగ్‌కు పోయాడు. వారానికొకసారి ఫోను. కాళ్లకు బొబ్బలు, చపాతీలు, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ తిట్లు, అన్నీ నవ్వుతూనే చెప్పేవాడు. నాలుగో నెలలో జిల్లా పోలీసుల నుంచి పోవాల్సిన వెరిఫికేషన్ రిపోర్టు అక్కడికి చేరింది. కేసు సంగతి అందులో ఉంది. నోటీసు ఇచ్చారు, వీడు జవాబు రాశాడు, ఇంకో పదిహేను రోజులకు తెల్లవారి బస్సులో దిగాడు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాసి ఉన్నాయి. రెండో రోజు వాకిట్లో కూర్చుని బ్లేడుతో ఆ నంబరును గీకాడు. పేరును మాత్రం ఉంచాడు. ఆ పెట్టె ఇప్పుడు నా షాపులోనే ఉంది. ఏ4 బండిళ్లు వానకు తడవకుండా అందులో పెడతాను. మావాడు డీసీఎం నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు. ఈ ఉత్తరం రాస్తున్నానంటే "నా పేరొక్కటి రాయకు, మిగిలింది నీ ఇష్టం" అన్నాడు.

కోర్టు నుంచి జిరాక్స్‌లకు మా షాపుకు వచ్చే వకీలు సారు ఒకరున్నారు. చాలా రోజుల తర్వాత ఒకసారి ఆయనకు ఈ కథ చెబితే, కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట చెప్పారు. 2016 జులైలో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చిందట. చిన్నతనంలో నినాదాలు ఇవ్వడం లాంటి చిల్లర కేసును ఎవరైనా రాయకపోయినా, అది రాసి ఉంటే ఉద్యోగానికి అడ్డమయ్యేది కాదు అనుకుంటే అధికారి వదిలెయ్యవచ్చు. నిజం రాసినవాడి విషయంలో అయితే కేసు ఏమిటి, ఎలా ముగిసింది అని అధికారి చూసి నిర్ణయిస్తాడు. అయితే నిజం రాశాను కాబట్టి ఉద్యోగం ఇచ్చి తీరాలి అనడానికి లేదు. ఒకటికి నాలుగు కేసులు పెండింగ్‌లో పెట్టుకుని దాచితే మాత్రం అదొక్కటే చాలు, తీసెయ్యడానికి. పద్దెనిమిదేళ్లు నిండకముందు పిల్లల బోర్డుకు పోయిన కేసుల సంగతి వేరు, వాటికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ రక్షణ ఉంది. అలాంటిది ఉన్నవాళ్లు సొంతంగా రాయకుండా ముందు ఒక వకీలును అడగాలి అన్నారు.

"మీ తమ్ముడిది మూడు కుట్ల కేసమ్మా, రాసుంటే పోయేదో లేదో నేను చెప్పలేను, కానీ నాలుగో నెలలో పెట్టె మోసుకుని వచ్చేవాడు మాత్రం కాదు, ఏదైనా మొదట్లోనే తేలిపోయేది" అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అకాడమీ సారును తిట్టుకున్నాను గానీ, స్కేలు పట్టుకున్న చెయ్యి నాదే కదా.

సైన్యంలో అయితే ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. 1950 ఆర్మీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునే అధికారి సర్వీసు షరతులు చదివి వినిపించి, తప్పుడు జవాబు చెబితే శిక్ష పడుతుందని ముందే హెచ్చరించి, ఒక్కో ప్రశ్న అడిగి జవాబు రాసుకోవాలి. అబద్ధం చెప్పినట్టు తర్వాత తేలితే 44వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. మా పిల్లలు ఏ పేరుతో పిలిచినా అది ఇంటర్వ్యూనే. దానికి ఒక్కడూ ప్రిపేర్ కాడు. ఐదున్నర నిమిషాల పరుగుకు రెండేళ్లు, పది నిమిషాల మాటకు ఒక్క పూట కూడా లేదు.

ఇక ఊళ్లో విచారణ. స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ బండి మీద వస్తాడు. సాయంత్రం, మగవాళ్లు ఇంట్లో లేనప్పుడే వస్తాడేమో అనిపిస్తుంది. పోలీసు బండి తండాలోకి వస్తే మా ముసలివాళ్లకు ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. ఎందుకంటే వాళ్లు చూసినవి అలాంటి రోజులు. 2001 డిసెంబరులో దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను నక్సలైట్లు చంపినప్పుడు నేను బళ్లో ఉన్నాను. నల్లమల అంచున ఉన్న ఊళ్లలో అప్పుడు రాత్రి ఒకరు అన్నం అడిగితే, పగలు ఇంకొకరు వచ్చి ఎవరికి పెట్టావని అడిగేవారు. ఏదడిగినా ‘తెల్వదు సారూ’ అనడం అప్పుడు బతకడానికి పనికొచ్చిన మాట. ఇప్పుడు అదే మాట మనవడి కొలువుకు ఎసరు పెడుతోంది.

చందంపేట మండలం ఒక తండాలో జరిగింది చెబుతాను. పత్తి ఏరే రోజులు. ఇంట్లో నానమ్మ ఒక్కతే మంచం మీద ఉంది. కానిస్టేబుల్ వచ్చి మనవడి పేరు చెప్పి, "ఉన్నాడా?" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "మావోడు ఊర్లె లేడు సారూ, పట్నం పోయి ఏడాదాయె. ఏం జేసిండు?" అంది. వాడు ఆ సమయానికి మా షాపులో ఫొటోలు తీసుకుంటున్నాడు! ఫారంలో ఐదేళ్లుగా తండాలోనే ఉంటున్నానని రాసి ఉంది. కానిస్టేబుల్ మంచివాడు, పక్కింటివాళ్లను అడిగితే వాళ్లు నవ్వి అసలు సంగతి చెప్పారట, మళ్లీ రెండు రోజులకు ఫోన్ చేసి వచ్చాడు. ఆ పక్కింటివాళ్లతో గెట్టు పంచాయితీ ఉండి ఉంటే ఏమయ్యేదో. అందరికీ అలాంటి కానిస్టేబుల్, అలాంటి పక్కిల్లు దొరకరు.

వలస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాలమూరు లేబర్ అని పేరు మహబూబ్‌నగర్ వాళ్లకు పడింది గానీ, మా వైపు నుంచి కూడా ఏడాదిలో ఆరు నెలలు ఇళ్లకు తాళం వేసి హైదరాబాద్‌లో బిల్డింగు పనులకు పోయే కుటుంబాలు బోలెడు. పిల్లవాడు హాస్టల్లో, తల్లిదండ్రులు పని జాగాలో గుడిసెలో, ఆధార్‌లో తండా. ఏ అడ్రసు రాయాలి? ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటూ రాయాలి, హాస్టల్ అయినా సరే. ఇది నేను చెబితే "అన్ని రాస్తే డౌటు పడరా అక్కా?" అంటారు. డిండి దాటి అచ్చంపేట వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇంకో తిప్పలు. పాత సర్టిఫికెట్లలో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు తర్వాత తీసినవాటిలో నాగర్‌కర్నూల్. తండా 2018లో పంచాయతీ అయితే ఊరి పేరు కూడా మారుతుంది. ఇక పేర్ల సంగతి అడగకండి. తండ్రి పేరు ఒకచోట రమావత్ అని పూర్తిగా, ఒకచోట ఆర్. అని, ఇంకోచోట చివర నాయక్. పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో జనవరి 1. సైన్యం వాళ్లు పదో తరగతి మెమోనే చూస్తారు. ఆధార్ దానికి సరిపోవాలి. ర్యాలీ ముందు రోజు రాత్రి ఏడుస్తూ వస్తే నేనేం చేసేది?

సర్పంచి ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ ఆరు నెలల లోపువి కావాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు అయిపోయాక మళ్లీ ఎన్నికలు అయ్యేదాకా పిల్లలు ప్రత్యేకాధికారుల కోసం ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు. పాపం ఆయనకు ఈ పిల్లవాడెవరో తెలిస్తే కదా, నడవడి మంచిదని రాయడానికి.

మధ్యలో ఒక మాట. ఈ వెరిఫికేషన్ భయం మన దగ్గరే అనుకున్నాను. మా చిన్నమ్మ మనవడు చిన్నప్పుడే అమెరికా పోయాడు, అక్కడి పౌరసత్వం వచ్చింది, అక్కడి ఆర్మీలో చేరాడు. సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం ఎస్ఎఫ్-86 అని ఒక ఫారం ఇచ్చారట, అది పుస్తకమంత ఉంటుంది. పదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నావు, ఏడేళ్లలో ఏ దేశాలకు పోయావు, వేరే దేశంలో నీకు దగ్గరివాళ్లు ఎవరు అని అన్నీ అడుగుతారు. ఆ తర్వాత ఒక అధికారి ఎదురుగా కూర్చుని మళ్లీ అవే అడుగుతాడట. వాడు రాత్రి పదకొండుకు నాకు ఫోన్ చేసి, "పిన్నీ, నీ డేట్ ఆఫ్ బర్త్ చెప్పు, నీతో వాట్సాప్‌లో మాట్లాడతా కదా, నీ పేరు కూడా రాస్తున్నా" అన్నాడు. పన్నెండేళ్లుగా అందరి పుట్టిన తేదీలూ నింపిన దాన్ని, నాది అడిగేసరికి తడబడ్డాను. బళ్లో వేసింది జూన్ 1. మా అమ్మ చెప్పేదేమో సంక్రాంతి ముందట. వాడికి రెండూ చెప్పాను. "రికార్డులో ఉన్నది రాస్తా, అడిగితే రెండోది చెప్తా" అన్నాడు. చూడండి, ఇరవై ఏళ్ల పిల్లవాడికి అక్కడ ఎవరో సరిగ్గా నేర్పించారు.

మా దగ్గర 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో, సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం మీద గొడవ అయి, కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయాక ఈ భయం ఇంకా ముదిరింది. రెండు రోజులకే ఢిల్లీలో సైన్యాధికారులు ప్రెస్ మీట్ పెట్టి, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతివాడూ రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోం అని చెప్పారు. మా గిరాకీల్లో ఒకడు ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ‘నేను కూడా వస్తున్నా’ అని పెట్టాడు. పొద్దున లేవలేక బస్సు తప్పిపోయింది. నిద్ర వాడిని కాపాడింది. కానీ ఆర్నెల్ల పాటు వారానికోసారి వచ్చి "అక్కా, డిలీట్ చేస్తే పూర్తిగా పోతదా?" అని అడిగేవాడు. డిలీట్ సంగతి వదిలెయ్, ఎవరైనా అడిగితే మెసేజ్ పెట్టిన మాట, పోని మాట రెండూ చెప్పు అన్నాను. వాడిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రాజస్థాన్‌లో ఎక్కడో ఉన్నాడు.

మూడేళ్లుగా నేను ఒక పని చేస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, సెలక్ట్ అయిన పిల్లలను, ర్యాలీకి పోయేవాళ్లను కూర్చోబెట్టి ఆ చివరి పేజీ ప్రశ్నలను తెలుగులో అడుగుతాను. నేను కానిస్టేబుల్‌ను, వాడు వాడే. మొదట్లో నవ్వుతారు. "మీ నాయిన ఏం పని చేస్తాడు?" అనగానే నవ్వు ఆగిపోతుంది. ఒకడు తలవంచుకుని, "మా నాయిన మీద పాత సారా కేసుల బైండోవర్ ఉందక్కా, అది కూడా నాది కింద రాయాల్నా?" అన్నాడు. ఆ ప్రశ్న నీ గురించి, మీ నాయిన గురించి వేరేగా అడిగితే అప్పుడు ఉన్నది చెప్పు అన్నాను. వాడు ఈ బరువు రెండేళ్లుగా మోస్తూ ఉరుకుతున్నాడట. ఇంకొకడు ఇంటర్ పరీక్షలో స్లిప్పు దొరికి డిబార్ అయిన సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు, మొదటిసారి నా షాపులో చెప్పాడు. వాడితో వాళ్ల అమ్మకు ఫోన్ చేయించాను. ఆమె తిట్టింది, గట్టిగానే తిట్టింది. తర్వాత వాడు ఫారంలో అవును అని ఉంచి, పక్కన ఏ ఏడాది, ఏ పేపరు అని వివరం రాశాడు. ఏమవుతుందో నాకూ తెలియదు. ఇంకా జవాబు రాలేదు. కానీ వాడు ఇప్పుడు రాత్రి నిద్రపోతున్నానని చెప్పాడు.

లీవ్‌లో వచ్చిన పాత పిల్లలు కూడా ఆదివారం వస్తారు, ట్రైనింగ్ గురించి చెబుతారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం హిందీ గురించే. మా తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, వచ్చిన హిందీ అంతా హైదరాబాద్ హిందీ. ఉస్తాద్ ఏదో అడిగితే ఒకడు వద్దు అనడానికి మన హైదరాబాద్ తీరులో ‘నక్కో’ అన్నాడట, ప్లాటూన్ అంతా పడి పడి నవ్విందట. వాడికి అదే పేరు పడిపోయింది. రెండోది బూట్లు. ఇక్కడ వంద రూపాయల స్పోర్ట్స్ షూతోనో, ఉత్త కాళ్లతోనో ఉరికినవాడికి ఆ తోలు బూట్లు వేస్తే మొదటి వారం మడమలు పుండ్లవుతాయి. పోకముందు రెండు నెలలు గట్టి బూట్లతో నడవమని చెబుతారు. మూడోది అన్నం. పప్పు, చపాతీతో మూడు పూటలూ గడపడం అలవాటు చేసుకొమ్మంటారు, అది ఎవరూ వినరు. మామిడికాయ తొక్కు డబ్బా తీసుకుపోతారు. ఆ డబ్బా ఎన్ని రోజులు ఉంచనిచ్చారన్నది ఒక్కొక్కరి కథ ఒక్కో తీరు.

అగ్నిపథ్ కింద చేరే అగ్నివీర్ల జీతం లెక్క కూడా తల్లిదండ్రులు నన్నే అడుగుతారు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు నిధికి పోయి చేతికి 21 వేలు. నాలుగేళ్ల తర్వాత వందలో 25 మంది దాకానే ఉంచుకుంటారు. 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైన మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండగానే మిగతా 75 మంది ఎక్కడికి వస్తారు? నా మెట్ల మీదికే, ఇంకో కొలువు కోసం, ఇంకో అటెస్టేషన్ ఫారంతో. ఆ చివరి పేజీ వాళ్లను వదలదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మీ పత్రికలో రోజూ చదువుల పేజీలో బిట్లు వేస్తున్నారు. ఏ నది ఎక్కడ పుట్టింది, ఏ యుద్ధం ఎప్పుడు జరిగింది అని మా పిల్లలు వాటిని కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకుంటారు. ఆ పేజీలో ఒక్కరోజు బిట్లు ఆపి, ఈ ఫారం చివరి పేజీ ప్రశ్నలను అచ్చ తెలుగులో వేయండి. బైండోవర్ అంటే ఏమిటి, రాజీ అయిన కేసును ఎలా రాయాలి, పెండింగ్ అంటే ఎప్పటివరకు పెండింగ్ అని ఒక మంచి వకీలుతో నాలుగు ముక్కలు రాయించండి. మొదటి పేజీ పైన ఉన్న ఆ హెచ్చరికను మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. పిల్లలు దాన్నీ కత్తిరించుకుంటారు. పోలీసు అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే వాళ్లకు ఒక మనవి, విచారణకు వచ్చే ముందు రోజు ఆ ఇంటికి ఒక ఫోన్ కొట్టించండి. నానమ్మలు భయపడరు.

అకాడమీల వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్లు మీ పత్రికకు ప్రకటనలు ఇస్తారు, మీరే చెప్పండి.

ఇక ఫొటోలో ఉన్న ఆ ఇద్దరు ఈ ఆదివారం వస్తామన్నారు. మూడోవాడు ఎవరో నాకు తెలియదు, వాడిని కూడా రమ్మనండి. మధ్యాహ్నం రెండు నుంచి సగం షట్టర్ కింద లోపలే ఉంటాం. ప్రశ్నలు అడిగినందుకు డబ్బులు తీసుకోను. జిరాక్స్ మాత్రం పేజీకి రెండు రూపాయలు, నలభై బాకీ ఉన్నవాడు ముందు అది తెచ్చి ఇవ్వాలి.

ఇట్లు,
జిరాక్స్ షాపు అక్క,
దేవరకొండ, నల్గొండ జిల్లా